ఉన్నిదారం తలెత్తిన చోట

పైడిరాజు చేతివేళ్లు ఇప్పటికీ ఊరికే ఉండవు. ఇనుపగనుల ఊరు కిరందుల్‌లో కూతురు ఇంద్రాణి క్వార్టర్ వరండాలో కూర్చుని, పసుపుపచ్చ ఉన్నిదారాన్ని బెత్తెడేసి ముక్కలుగా కత్తిరిస్తూ ఉంటాడు. బెంగళూరులో కొత్త యుద్ధవిమానాలను ఎగరేసి పరీక్షించే చోట, ఉద్యోగమంతా ఆయన పని అదే. రెక్క మీద దారాలు వరసగా అంటించేవాడు. వేగం పెరిగేకొద్దీ గాలి ఎక్కడ రెక్కను వదిలేస్తే అక్కడ దారం తలెత్తి వణికేది. అది తెలుసుకుని ఇంజనీర్లు రెక్క వంపు మార్చేవారు. పైలట్ దిగగానే పైడిరాజు స్టూలు లాగి, "కూర్చోండి సార్, మొదట్నుంచి చెప్పండి" అనేవాడు. ఆకాశంలో ఏం జరిగిందో మొట్టమొదట వినేది ఆయనే. భార్య పోయి ఇక్కడికొచ్చాక, వెళ్లి తిరిగొచ్చి ఆయనకు ఏదైనా చెప్పేవాళ్లే లేరు. ఇంద్రాణి పక్క ఊరు బచేలీలోని ఆఫీసు నుంచి వస్తుంది, తింటుంది, ఫోను పట్టుకుని గదిలోకి పోతుంది.

ఓ ఉదయం ఆమె స్కూటీ ముందుభాగమంతా దారాలు అంటించాడు. "ఏటి నాన్నా ఇది? గంగిరెద్దులా తయారుచేశావు! ఆఫీసులో అందరూ నవ్వుతారు" అంటూ ఆమె ఒక్కొక్కటే పీకేసింది. కిందపడినవి ఏరి జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం ఇంద్రాణి మొహం నిండా ఎర్రదుమ్ముతో, చెప్పులైనా విప్పకుండా వరండాలోకి వచ్చింది. "అద్దం కింద ఒకటి ఉండిపోనాది నాన్నా. బుద్ధిగానే పడుకుంది గానీ, వంతెన దాటి స్పీడు పెంచగానే లేచి ఒకటే వణుకు. ఎందుకంటావు?" పైడిరాజు స్టూలు ముందుకు లాగాడు.

"కూకో తల్లీ. మొదట్నుంచి చెప్పు."