ఒట్టు తప్పిన రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కుర్రాళ్ళ మొనగాడితనాన్ని ఊపిరితో కొలిచేవాళ్ళు. వాకాడుకు తూర్పున, గాలి వాలుగా ఉంటే సముద్రపు హోరు వినిపించేంత దూరంలో మా ఊరు. కోతలు అయిపోయాక ఎండిన మడిలో గీతలు గీసి చెడుగుడు ఆడేవాళ్ళు. కూత ఆపకుండా అవతలి గడిలోకి వెళ్ళి, ఎవరినో ఒకరిని తాకి, అదే ఊపిరితో వెనక్కి రావాలి. మా చిన్నాన్న కూత పెడితే గట్టున పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. అప్పుడు ఆయనకు పంతొమ్మిదేళ్ళు, నాకు తొమ్మిది. నా లోకంలో ఆయనను మించిన మనిషి లేడు.

ఆ ఏడు గూడూరులో పెద్ద పోటీ పెట్టారు. బాగా ఆడినవాళ్ళను రైల్వే జట్టులోకి తీసుకుంటారని, జట్టులో చేరితే ఉద్యోగం వచ్చినట్టేనని అందరూ చెప్పుకున్నారు. చిన్నాన్న రోజూ పొద్దున్నే సముద్రపు ఇసుకలో పరిగెత్తడం మొదలుపెట్టాడు. తోడుగా నేను వెళ్ళేదాన్ని. ఎన్ని చుట్లు తిరిగాడో లెక్కపెట్టడం నా పని.

ఒకరోజు ఏడో చుట్టులో ఆయన పడిపోయాడు. కాలికి ఏమీ తగల్లేదు. పరిగెత్తుతున్న మనిషి ఉన్నపళంగా కూలిపోయాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. పెదాలు పాలిపోయాయి. నేను గుక్కపట్టి ఏడుస్తుండగా, కాసేపటికి తనంతట తనే లేచి కూర్చొని ఇసుక దులుపుకున్నాడు. నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇంట్లో చెప్పబాక అమ్మే. చెప్పినావంటే నన్ను గూడూరు పోనీరు. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశామో వాళ్ళే చచ్చిపోతారని మా ఊరి పిల్లలందరికీ తెలుసు. పిల్లలకేమిటి, పెద్దలకూ తెలుసు.

అంతకు ముందు ఏడాది కూడా ఆయన ఒకసారి ఆట మధ్యలో పడిపోయాడు. అప్పుడు మా అవ్వ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి దిష్టి తీసింది. మిరపకాయలకు ఘాటు రాలేదు కాబట్టి అది మామూలు దిష్టి కాదని తేల్చింది. నిజానికి పొయ్యి రాజెయ్యకముందే చిన్నాన్న లేచి కూర్చున్నాడు. అయినా పేరు మాత్రం మిరపకాయలకే వచ్చింది. మా తాతయ్య అన్న ఒకాయన ఇరవై ఏళ్ళ వయసులో వరిమోపు ఎత్తుకొని పరుగున వస్తూ కళ్ళంలో పడి మళ్ళీ లేవలేదట. ఆయనకు గాలి సోకిందన్నారు. ఒకే ఇంట్లో జరిగిన ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఒకటి దిష్టి ఖాతాలోకీ, ఇంకొకటి గాలి ఖాతాలోకీ పోయాయి.

ఒట్టు వేసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. చెబితే చిన్నాన్న చచ్చిపోతాడు. చెప్పకపోతే మళ్ళీ పడిపోతాడు. తొమ్మిదేళ్ళ పిల్ల మొయ్యగలిగిన బరువు కాదది.

ప్రతి గురువారం ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరమ్మ మా బడికి వచ్చేది. నెల్లూరు మనిషే. సన్నగా, పొడుగ్గా ఉండేది, గొంతు మాత్రం పెద్దది. ఆ వారం నా కళ్ళూ నాలుకా చూసి, రోగమేమీ కనబడక, ఏం పాపా ఇట్టా పీక్కుపోయినావని అడిగింది. నేను ఆమెకు జవాబు చెప్పకుండా తిరిగి ఒక ప్రశ్న వేశాను. ఒట్టు తప్పితే నిజంగానే చచ్చిపోతారా అని.

ఆమె నవ్వలేదు. స్టూలు నా దగ్గరికి జరుపుకుంది.

"ఈ చుట్టుపక్కల ఎవరు పోయినా ఎందుకు పోయినారో రాసి సంతకం పెట్టేది నేనే పాపా. జరంతో పోయినోళ్ళున్నారు, పాము కరిచి పోయినోళ్ళున్నారు, కాన్పులో పోయినోళ్ళున్నారు. ఒట్టు తప్పి పోయినోళ్ళు ఇంతవరకూ ఒక్కరు కూడా లేరు."

నా జీవితంలో నేను విన్న మొదటి సాక్ష్యం అది. ఆ తరువాత ఎన్నో గ్రంథాలు చదివాను, ఎంతోమంది పండితులతో వాదించాను. అంతకంటే గట్టి వాదం నాకు దొరకలేదు. వెక్కుతూ అంతా చెప్పేశాను.

ఆమె రెండే అడిగింది. పరిగెత్తేటప్పుడే పడినాడా, నిలబడినాక పడినాడా? మీ ఇంట్లో చిన్న వయసులో ఇట్టా పోయినోళ్ళు ఎవరన్నా ఉన్నారా? మొదటిదానికి పరిగెత్తేటప్పుడే అన్నాను. రెండోదానికి వరిమోపు తాతయ్య సంగతి చెప్పాను. ఆమె రెండూ కాగితం మీద రాసుకుంది. తరువాత నా తల నిమిరి, పోయి అన్నం తిను, ఇక ఇది నా పని అంది.

రెండు రోజుల తరువాత సాయంత్రం, ఆట జోరుగా సాగుతుండగా డాక్టరమ్మా, బడిలో డ్రిల్లు మాస్టారూ మడిలోకి దిగారు. డాక్టరు సంతకం పెట్టిన చీటీ లేనిదే గూడూరులో ఎవరినీ గీత దాటనివ్వరని, ఇది కొత్త నిబంధన అని మాస్టారు ప్రకటించారు. పన్నెండు మందినీ వరసగా నిలబెట్టారు.

"చెడుగుడు ఆడేదానికి గుండెతో పనేముందమ్మా, పిక్కలు చూడండి!" అన్నాడొకడు. అందరూ గొల్లున నవ్వారు.

"పిక్కలు కనబడతానే ఉండాయి గానీ, ముందు నువ్వు రా నాయనా. గుంజీలు తియ్యి."

గుంజీలు అనేసరికి ఇంకా నవ్వారు. ఒక్కొక్కరినీ గొంతుక్కూర్చోబెట్టి ఛాతీ మీద గొట్టం ఆనించి వినేది. లేచి నిలబడగానే మళ్ళీ వినేది. చిన్నాన్న వంతు వచ్చింది. కూర్చున్నాడు, లేచాడు. ఆమె కళ్ళు మూసుకుని విని, ఇంకోసారి అంది. మళ్ళీ విని, తరువాతి వాడిని పిలిచింది. మిగిలిన నలుగురినీ కూడా అంతే తీరిగ్గా చూసింది. అక్కడున్న ఎవరికీ ఏమీ తెలియలేదు.

మర్నాడు మా ఇంటికి వచ్చి తాతయ్యతో మాట్లాడింది. కూర్చున్నప్పుడు లేని చప్పుడు, లేవగానే గుండెలో పెద్దగా వినబడిందని చెప్పింది. చిన్నాన్నను మద్రాసు పంపించింది. అక్కడ పరీక్షలు చేసి, గుండె కండరం ఉండాల్సిన దానికంటే మందంగా ఉందనీ, అది వంశంలోనే ఉండి పుట్టుకతో వచ్చిందనీ, పరుగులో గుండె లయ తప్పుతోందనీ చెప్పారు. లయ తప్పిన గుండె ఇప్పటిదాకా తిరిగి దారిలో పడింది. ఒక్కసారి అలా దారిలో పడకపోతే మనిషి లేవడు.

మా అవ్వ ఆ మాట విని ఏడ్చి, ఏడుపు ఆగాక ఇంత ఉప్పు తెచ్చి డాక్టరమ్మకే దిష్టి తీసింది. ఈ తల్లికి ముందు నా కళ్ళే తగుల్తాయి అంది. డాక్టరమ్మ తల వంచుకుని బుద్ధిగా తీయించుకుంది.

చిన్నాన్న నెల రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. జట్టు ఆయన లేకుండా గూడూరు వెళ్ళి ఓడిపోయి వచ్చింది. రైల్వే ఉద్యోగం ఇంకెవరికో పోయింది. అది చిన్న నష్టమని నేను ఎన్నడూ అనుకోలేదు. మాత్రలు వేసుకుంటూ సేద్యం చేశాడు. గీత బయట నిలబడి పిల్లలకు కూత నేర్పాడు. మా ఇంట్లో అందరి గుండెలూ పరీక్ష చేయించారు. తరువాతి రోజుల్లో ఆయన రెండో కూతురిదీ అలాంటి గుండేనని ఆ పిల్ల ఒక్కసారి కూడా పడకముందే తెలిసింది.

నేను కాలేజీలో చేరాక డ్రిల్లు మాస్టారు ఒకసారి బస్సులో కలిసి నవ్వుతూ చెప్పారు. అలాంటి నిబంధన ఏ పుస్తకంలోనూ లేదట. డాక్టరమ్మ సొంతంగా అల్లిందట. చిన్నాన్న ఒక్కడినే పిలిచి చూస్తే చెప్పింది ఎవరో తెలిసిపోతుందని పన్నెండు మంది చేతా గుంజీలు తీయించిందట. దిష్టి, గాలి అనే అబద్ధాల మీద ఊరూరా తిరిగి నలభై ఏళ్ళు యుద్ధం చేసినదాన్ని. ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఖండించడానికి నాకు నోరు రాలేదు. లేని ఆ నిబంధనను నిజం చెయ్యాలని ఆఫీసుల చుట్టూ తిరిగాను.

దిష్టి తీస్తే నష్టమేమిటని సభల్లో నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఉప్పు వల్ల నష్టం లేదు. తనంతట తాను లేచిన మనిషిని మేమే లేపామని ఆ ఉప్పు చెప్పుకుంటుంది, అక్కడితో అసలు కారణాన్ని వెతకడం ఆగిపోతుంది, అదీ నష్టం. అందుకే ఏ బడిలో ఆటల పోటీ జరిగినా వెళ్ళి, పరిగెత్తుతూ ఎప్పుడైనా పడిపోయారా, ఇంట్లో చిన్న వయసులో అలా పోయినవాళ్ళున్నారా అని ఆ రెండు ప్రశ్నలూ అడుగుతాను. అవునన్న పిల్లలను గుండె పరీక్షకు పంపేదాకా అక్కడి నుంచి కదలను. పరీక్షలో అన్నీ దొరకవని నాకు తెలుసు. కాబట్టి ఎవరైనా కూలిపోయి ఊపిరి ఆగితే మిరపకాయల కోసం పరిగెత్తకుండా, అంబులెన్సుకు ఫోను చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండమని కూడా నేర్పిస్తాను.

చెప్పింది నేనేనని చిన్నాన్నకు ఇంతవరకూ చెప్పలేదు. ఆయనకు ఇప్పుడు డెబ్బై దాటాయి. నేను రాసినవన్నీ కళ్ళజోడు సర్దుకుని అక్షరం వదలకుండా చదువుతాడు, ఇదీ చదువుతాడు. ఆయన తల మీద వేసిన ఒట్టును నేను తప్పి యాభై ఏళ్ళు దాటింది. రేపు ఫోను చేసి, నన్ను రైలెక్కనీకుండా చేసింది నువ్వా అమ్మే అని తిడతాడు. తిట్టనీ. తిట్టడానికి ఆయన ఉన్నాడు.