వెంట వచ్చిన తెల్ల పేజీ

బాన్సువాడ నుంచి నిజామాబాదుకు ఒక తెల్ల పేజీ బస్సులో వచ్చింది. టికెట్టు కూడా తీసుకుంది. సరే, టికెట్టు సంగతి నేను కలిపాను. తక్కినదంతా జరిగిందే, ఆ బస్సులో నేనున్నాను.

అది వచ్చింది వర్ష వెంట. వర్ష మా వీధి ప్రభుదాస్ కూతురు. తండ్రి బీర్కూరులో చెరకు నరికేవాడు. తల్లి సమ్మవ్వ మోకాళ్లు పట్టేసినా నాట్లకు వంగేది. నిజామాబాదులో ఒక విత్తనాల ఆఫీసులో ఉద్యోగం సంపాదించి తల్లిని పొలం మాన్పించాలని వర్ష పట్టుదల. అందుకే మా బాన్సువాడలోనే రాజీవ్ సార్ సెంటర్లో కంప్యూటర్ నేర్చుకుంది.

అది రెండువేల రెండు. సెంటర్లో ఇంటర్నెట్‌కు ఫోను లైనే దిక్కు. కలిపినప్పుడల్లా మోడెం పెట్టె గొంతు నులిమినట్టు కీచుమనేది. కాసేపటికి తెర తెల్లబడి, ఈ పేజీని చూపలేమని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు వచ్చేవి. ఎప్పుడూ అదే. పరువు పోతుందని రాజీవ్ సార్, "సూడుండ్రి, గిదే ఇంటర్నెట్" అనేవాడు. తెలుగు మీడియం పిల్లలు ఆ ముక్కలనే బట్టీపట్టారు.

ఆ విత్తనాల ఆఫీసు ఉద్యోగం పరీక్షకు వర్షను నేనే తీసుకుపోయాను, ప్రభుదాస్‌కు కూలి పని వదలడం కుదరక. కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఇంటర్నెట్‌లో వడ్ల ధర వెతకమన్నాడు ఆఫీసరు. అందరి తెరల మీదా రంగులు. వర్ష తెర మాత్రం మెల్లగా తెల్లబడింది.

వర్ష సంబరంగా చెయ్యెత్తింది. "వచ్చింది సార్!"

"ఏమొచ్చిందమ్మా?"

"ఇంటర్నెట్ సార్."

గది ఘొల్లుమంది. పక్క సీటులో ఇంట్లోనే ఇంటర్నెట్ ఉన్న వైశాలి అనే పట్నం పిల్ల మెల్లగా అంది: "అయ్యో అక్కా, అది ఇంటర్నెట్ రాలేదని చెప్తుంది."

ఆఫీసరు జాలిపడి ఇద్దరి సీట్లూ మార్చాడు. వర్ష కూర్చోగానే వైశాలి తెర తెల్లబడింది. అవే నాలుగు ముక్కలు. వర్ష వదిలిన కంప్యూటర్ మీద వైశాలి వేలు పెట్టిందో లేదో, ధరలన్నీ బారులు తీరాయి.

నవ్వులు ఆగిపోయాయి. ఆఫీసరు ఎందుకో ఫ్యాను ఆపించాడు. వర్షకు అటు ఇటు ఉన్నవాళ్లు కుర్చీలు దూరం జరుపుకున్నారు.

ఉద్యోగం వైశాలికి వచ్చింది. మరునాడు సమ్మవ్వ పక్కన వర్ష కూడా నాట్లకు వంగింది.

ఆ తర్వాత బాన్సువాడలోనూ నెట్ సెంటర్లు వెలిశాయి. వర్ష వాటి ముందు నుంచి నడవదు. రోడ్డు దాటి అవతలి పక్కన పోతుంది. ఎందుకని మొన్న అడిగాను.

"నీకేం పని లేదా తాతా? అన్నీ అబద్దాలే చెప్తవ్. గా దినం నేను నిజామాబాదే పోలే."