కంప్యూటరు విడదీసిన అత్తాకోడళ్ళు

మిరపకాయల పనిలోకి కొత్తగా వెళ్ళిన ఆ రోజుల్లో నాకు రెండే భయాలు. ఒకటి ఘాటు, రెండోది మా అత్త. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఘాటు కాస్త ఆగేది. మా అత్త నోటికి కట్టే గుడ్డ మాత్రం ఎక్కడా దొరకలేదు. (ఇది చదివి వినిపిస్తే ముందు నవ్వేది ఆవిడే, అందుకే ధైర్యంగా రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి, కథలాంటిది రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి.)

గుంటూరు పక్కన ఒక మిర్చి షెడ్డు. ఎండుకాయలు కుప్పలుగా పోస్తే, కుప్పకి నలుగురు ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని తొడిమలు తీయాలి. ఎవరు ఎవరితో కూర్చోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కాచెల్లెళ్ళు ఒక జట్టు, వీధివాళ్ళు ఒక జట్టు. మా జట్టులో మా అత్త, ఆవిడ స్నేహితురాళ్ళిద్దరు, వాళ్ళ మధ్యలో కొత్త కోడలిని నేను. మా ఆయన చీమకుర్తిలో గ్రానైటు పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. కాబట్టి నేను కాపురం చేసింది ఎక్కువగా మా అత్తతోనే.

అలవాటు లేని చేతులు కదా, మధ్యాహ్నానికి నా వేళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి. వేడన్నంలో పెడితే ప్రాణం పోయేది. మా అత్త చెయ్యి కడుక్కుని, అన్నం కలిపి, నాకు ముద్దలు పెట్టేది. ఊరికే పెడితే బాగుండును. "మీ అమ్మ నిన్ను వెన్నపూసతో చేసిందటే? ఊఁ, నోరు తెరువు!" అని షెడ్డంతా వినబడేలా అరిచి పెట్టేది. వెంటనే అటునుంచి ఎవరో ఒకరు, "ఏవమ్మా, కోడలికి పాలసీసా తేలేదా?" అనేవారు. అందరూ నవ్వేవారు. నాకు తల ఆ కుప్పలో దూర్చేసుకోవాలనిపించేది. ఈ జట్టులోంచి నన్ను బయట పడేస్తే కొబ్బరికాయ కొడతానని పెదకాకాని శివయ్యకి మొక్కుకున్నాను.

శివయ్య విన్నాడు. ఫ్యాన్ కింద కుప్ప కోసం రెండు జట్లవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. షెడ్డు యజమాని మేనల్లుడు, అప్పుడే కాలేజీ అయిన కుర్రాడు (మేం లాప్‌టాప్ బాబు అనేవాళ్ళం), మర్నాడు పొద్దున్నే బల్ల వేసుకుని కూర్చున్నాడు.

"మీ పేర్లన్నీ ఎక్సెల్‌లో ఎక్కించానమ్మా. ఎవరు ఏ జట్టో ఇకనుంచి కంప్యూటరే చెబుతుంది. దానికి చుట్టాలు లేరు, స్నేహితులు లేరు."

మా అత్తని మొదటి జట్టు అన్నాడు, నన్ను ఏడో జట్టు అన్నాడు. నా గుండెల్లో బాజాలు మోగాయి. ఇంతలో మాతోపాటే తొడిమలు తీసే గాజుల పిన్ని, "బాబూ, నా పేరేదీ?" అంది. ఆ పేరొకటి కొట్టాడో లేదో, అందరి పేర్ల పక్కన జట్టు నంబర్లు గబుక్కున మారిపోయాయి. నేను మళ్ళీ మా అత్త జట్టులో పడ్డాను! బాబు కూడా నోరు తెరిచి చూశాడు. ఎక్కడ ఏ అక్షరం ముట్టుకున్నా ఆ కంప్యూటరు అందరినీ కొత్తగా కలిపేస్తోందని అప్పటిదాకా అతనికీ తెలియదు.

అది ఆడవాళ్ళు కనిపెట్టేశాక ఇంకేముంది.

"ఇందాక ఫ్యాన్ కింద అన్నావు గదయ్యా! మళ్ళీ నొక్కు!"

"నొక్కావంటే ఊరుకోను, నాకు గుమ్మం దగ్గర పడింది!"

"బాబూ, చెయ్యి కడుక్కుని నొక్కు, మంచిది పడుద్ది!"

అతను నొక్కడం, వీళ్ళు అరవడం. ఒకసారి నేను విడిపోయేదాన్ని, ఒకసారి అతుక్కునేదాన్ని. చివరికి బాబు చెమట తుడుచుకుని, అప్పుడు కనిపించినవి కనిపించినట్టు కాగితం మీద రాసి స్తంభానికి అంటించాడు. "ఇంక ముట్టుకోను, చంపినా ముట్టుకోను!" అన్నాడు. అందులో నేను గుమ్మం దగ్గర, మా అత్త ఆ చివర.

మా అత్త గొడవ చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. సంచిలోంచి నా బాక్సు తీసి నా చేతిలో పెట్టి, "అట్టాగే కానీ" అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం గొప్పగా నా బాక్సు నేనే తెరిచాను. పప్పన్నంలో చెయ్యి పెట్టాను. అంతే, కళ్ళమ్మట నీళ్ళు. ఆ నీళ్ళని ఆ చేత్తోనే తుడుచుకున్నాను. (ఇంత తెలివి నాకు ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.) ఇక చూడండి, షెడ్డు లేదు, మనుషులు లేరు, అంతా ఎర్రగా మంట. "శివయ్యా, మళ్ళీ మా అత్త జట్టులో వెయ్యి, ఇంకో కాయ కొడతాను" అనుకున్నాను. అప్పుడే ఆ చివర్నుంచి ఆవిడ గొంతు వినబడింది.

"నాయనా, ఇంకొక్కసారి నొక్కవూ."

"కుదరదమ్మా. నొక్కితే అందరూ మారిపోతారు."

"అందరూ ఎందుకయ్యా? మా పిల్ల ఒక్కదాన్నే నొక్కు."

"అట్టా ఒక్కళ్ళని నొక్కడం ఉండదమ్మా."

"సరే, ఇది జట్లు దేనికి వేసింది?"

"తొడిమలకి."

"అన్నానికి వేసిందా?"

మా అత్త నీళ్ళ బకెట్టు, మజ్జిగ సీసా పట్టుకుని షెడ్డంతా దాటి వచ్చేసింది. "కంట్లో పెట్టుకున్నావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది, ఇటు తిరుగు!" అని మొహం కడిగి, నా చేతులు మజ్జిగలో ముంచింది. తర్వాత అన్నం కలిపింది. ఆ రోజు కూడా అందరూ నవ్వారు. నేను మాత్రం నోరు తెరిచి కూర్చున్నాను. ఆ మర్నాటి నుంచి అన్నాల వేళకి కంప్యూటరు వేసిన జట్లన్నీ లేచిపోయి, ఎవరి మనుషుల దగ్గరికి వాళ్ళు చేరేవారు. బాబు చూసీ చూడనట్టు ఉండేవాడు.

పెదకాకాని తీసుకెళ్ళమంటే మా అత్తే తీసుకెళ్ళింది. నేను రెండు కాయలు కొట్టాను. "రెండోది దేనికే?" అంది. "మొదటిది వెనక్కి తీసుకోమని" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు.

తొడిమలు తీసీ తీసీ నా వేళ్ళు గట్టిపడ్డాయి. మంట ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు. అయినా మా అత్త "మండుతున్నాయటే?" అని అడిగితే, "ఆఁ అత్తా, మండుతున్నాయి" అనేదాన్ని. పాలసీసా మాటకి సిగ్గుతో చచ్చిపోయిన ఆ పిల్లేనా నేను అని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒకరోజు ఆవిడ నా చెయ్యి తీసుకుని వేళ్ళ కొసలు బొటనవేలితో నొక్కి చూసింది. కాయలు కాసిన వేళ్ళు, దాచడానికి ఏముంది? నా మొహంలోకి ఒకసారి చూసింది. చూసి, అన్నం కలిపి, "ఊఁ, నోరు తెరువు" అంది.