చంకలో నల్ల బిళ్ల

సునామీ వచ్చిపోయిన మూడో ఏడాది వానాకాలంలో పోర్ట్‌బ్లెయిర్‌లోని ఒక ఆసుపత్రిలో పేథాలజిస్టుగా చేరాను. పేథాలజిస్టు మందులిచ్చే డాక్టరు కాదు. సర్జన్లు కోసి పంపిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, అదేమిటో తేల్చి చెప్పడం మా పని. రోగి మా దగ్గరికి రాడు, అతనిలో పిసరంత మాత్రం ఫార్మలిన్ సీసాలో వస్తుంది. నేను పుట్టింది ఈ దీవుల్లోనే, ప్రోతరాపూర్‌లో. డాక్టరీ చదువు ముగించుకుని మెయిన్‌లాండ్ నుంచి తిరిగి వెళ్తానంటే నా స్నేహితులు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. తర్వాత వాళ్లే వరసపెట్టి పిల్లాజెల్లాతో మా ఇంటికి సెలవులకు వచ్చారు.

చేరిన కొద్ది నెలలకే ఒక పరిశోధన నా నెత్తిన పడింది. ఒంటి మీద నల్లగా లేచేవాటిలో మెలనోమా ఏదో, హాని లేనిది ఏదో కంటితో చూసి ఎంతవరకు చెప్పగలమన్నది ప్రశ్న. మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సర్. తొందరగా పాకుతుంది, ప్రాణం మీదికి తెస్తుంది. పద్ధతి సులువే. కోసే ముందు సర్జన్ తన అనుమానం రాసివ్వాలి, కోసిన ముక్క చూసి నా తీర్పు నేను రాయాలి, రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. చిక్కల్లా మన చామనఛాయ ఒళ్లకు ఆ జబ్బు అరుదు కావడం. వచ్చినా అరికాల్లోనో గోటి కిందో వస్తుంది. మాకు వచ్చేవన్నీ పుట్టుమచ్చలూ పులిపిర్లూ. ఎంతకాలం ఎదురుచూసినా ఒక్క మెలనోమా దొరకలేదు. పెళ్లికొడుకు లేని పెళ్లిలా ఉంది మా పరిశోధన అని నేనే వేళాకోళం ఆడేదాన్ని.

అలాంటప్పుడు అప్పలనరసమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. భర్త సింహాచలంతో కలిసి డాలీగంజ్‌లో కిరాణా కొట్టు నడిపేది. సునామీకి ముందు వాళ్ల కొట్టు లిటిల్ అండమాన్‌లో, హట్ బేలో ఉండేది. అది సముద్రంలో కలిసిపోయాక కొన్నాళ్లు సహాయ శిబిరంలో తలదాచుకుని, ఇటు వచ్చి మళ్లీ మొదలుపెట్టారు. ఎడమ ముంజేతి మీద నల్లగా ఏదో లేస్తే పులిపిరి అనుకుని ఆవిడ సున్నం రాసింది, ఊరుకోలేక గిల్లింది. అది పుండైంది, నెత్తురు కారింది, చంకలో బిళ్ల కట్టింది.

మా సర్జన్ బెంగాలీ పెద్దమనిషి. హస్తవాసికి ఎంత పేరో తొందరపాటుకూ అంత పేరు. చేతి మీది ముక్కనూ చంకలోని లింఫు గ్రంథినీ ఒకే విడతలో తీసి, గ్రంథిని నడిమికి కోసి చూశారు. లోపలంతా బొగ్గులా నలుపు. అక్కడికక్కడే, ఇది మెలనోమా, గ్రంథులకు పాకింది అని ప్రకటించారు. సీసా నా బల్ల మీదికి చేరేసరికే ఆ మాట ఆసుపత్రి అంతా చుట్టి వచ్చింది. పరిశోధనకు కేసు దొరికిందని ఇద్దరు జూనియర్లు నన్ను అభినందించారు కూడా. మా పరిశోధనకు మెలనోమా కావాలి, ఆ తల్లికి వద్దు. ఆ అభినందన నాకు గుచ్చుకుంది.

రిపోర్టు అవునంటే ఏం జరగాలో అప్పటికే నిర్ణయమైపోయింది. చంకలో మిగిలిన గ్రంథులన్నీ ఊడ్చినట్టు తీసేసి, ఆవిడను మెయిన్‌లాండ్‌లోని కేన్సర్ ఆసుపత్రికి పంపాలి. ఆ ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి చెయ్యి వాచిపోయి జీవితాంతం అలాగే ఉంటుంది. బియ్యం బస్తాలు అటూ ఇటూ జరిపే మనిషికి అది చిన్న విషయం కాదు. సింహాచలం విశాఖపట్నం ఓడకు టికెట్లు తీసేశాడు. ఆ ఓడ వెళ్లేలోగా రిపోర్టు కావాలని సర్జన్ కబురు పెట్టారు.

ముందు చేతి మీది ముక్క చూశాను. అది సెబోరిక్ కెరటోసిస్, వయసుతో పాటు చర్మం మీద లేచే మచ్చ, ఏ హానీ లేదు. సర్జన్‌తో అదే చెప్పాను. చర్మం మీద పుట్టిన మెలనోమా ఒక్కోసారి దానంతటదే మాసిపోయి గ్రంథిలో మాత్రం మిగులుతుందని, అసలు పుట్టుక ఇంకెక్కడో ఉండి ఉంటుందని ఆయన అన్నారు. ఆయన మాట తప్పేమీ కాదు, అలా జరుగుతుంది. గ్రంథి ముక్కలోనేమో నల్లటి రేణువులు ఎంత దట్టంగా ఉన్నాయంటే, వాటి వెనక ఉన్నవి కేన్సర్ కణాలో మామూలు కణాలో కనిపించడం లేదు.

అలాంటప్పుడు మేం రంగు పోగొడతాం. గాజు పలక మీద అతికించిన పలచటి ముక్కను మొదట పొటాషియం పర్మాంగనేట్‌లో, తర్వాత ఆక్జాలిక్ యాసిడ్‌లో ముంచితే మెలనిన్, అంటే చర్మపు సహజమైన రంగు, వెలిసిపోతుంది. దాని వెనక కణాలు బయటపడతాయి. మెలనోమా రంగు కూడా మెలనినే. మందు పనిచేస్తోందని రుజువు కోసం పక్కన ఒక సాక్షి ముక్క కూడా ముంచాలి. ఆవిడ చేతి మీది మచ్చలో మెలనిన్ పుష్కలంగా ఉంది కాబట్టి దాన్నే సాక్షిగా పెట్టాను. రెండు పలకలూ ఒకే పాత్రలో, ఒకే మందులో మునిగాయి.

మచ్చలోని నలుపు వెలిసి తెల్లబడింది. గ్రంథిలోని నలుపు చెక్కుచెదరలేదు. మా టెక్నీషియన్ సెల్వం పలక ఎత్తి వెలుతురులో చూసి, "కెమికల్ ఖరాబ్ హో గయా, మేడమ్" అన్నాడు. దీవుల తేమకు మందులు పాడవడం మాకు రోజూ ఉండేదే కనుక అతని అనుమానంలో తప్పు లేదు. కానీ మందు పాడైతే మచ్చ ఎందుకు వెలుస్తుంది? కొత్తగా కలిపి మళ్లీ చేశాం. మళ్లీ అదే. ఆ నలుపు మెలనిన్ కాదని అప్పుడు రూఢి అయింది. మరి ఏమిటది? నా బల్ల మీద ఆ ప్రశ్నకు జవాబు లేదు. మనిషిని చూద్దామని వార్డుకు వెళ్లాను. పేథాలజిస్టు వార్డులో కనిపించడం ఎంత అరుదంటే, సిస్టర్ లేచి నిలబడి ఏమైనా పొరపాటు జరిగిందా అని అడిగింది.

తెలుగులో పలకరించేసరికి అప్పలనరసమ్మ ముఖం విప్పారింది. "మనోళ్లేనా అమ్మా మీరు?" అంది. చెయ్యి చూపించమన్నాను. కట్టు పైనా కిందా ముంజేయి పొడవునా పచ్చబొట్టు ఉంది. లావుపాటి హిందీ అక్షరాల్లో ఆవిడ పేరు, భర్త పేరు, హట్ బే. మన అమ్మమ్మలు పొడిపించుకున్న చుక్కలూ తేళ్లూ లాంటిది కాదు, మిషన్‌తో లోతుగా వేసింది. ఎప్పుడు వేయించుకున్నావని అడిగాను.

"కేంపులో ఉన్నప్పుడమ్మా. ఒక భయ్యా మిషన్ అట్టుకొచ్చి అందరికీ ఏసాడు. మా తోడికోడలు నీళ్లలో పోయింది. దొరికిందో నేదో కూడా తెల్దు. పేర్లు తెలీనోళ్లందర్నీ ఒక్క గోతిలో పాతెట్టేసారంట. మళ్లీ నీళ్లొస్తే నన్నలా పాతకూడదని ఏయించుకున్నాను."

తెలుగులో ఎందుకు రాయించుకోలేదన్నాను.

"తెలుగైతే ఎవులు సదువుతారమ్మా? శవాలెత్తినోళ్లంతా మిలట్రీ ఫౌజీవోళ్లు. హిందీ అయితే ఎవుడైనా సదువుతాడు."

చనిపోతే తానెవరో చెప్పడానికి రాయించుకున్న పేరే, బతికున్న మనిషిని చావుకు దగ్గరగా ఉన్నట్టు చూపిస్తోంది. పచ్చబొట్టు సిరా అంతా చర్మంలో ఉండిపోదు. ఒంట్లో చెత్త ఊడ్చే కణాలు కొంత సిరాను మింగి, దగ్గరలోని గ్రంథికి చేరవేస్తాయి. చేతి మీది సిరా చంకలోకే వెళ్లాలి. నల్ల సిరా అంటే మసి, మసిని పర్మాంగనేట్ ఏమీ చెయ్యలేదు.

అనుకోవడం వేరు, చూపించడం వేరు. ల్యాబ్‌కు తిరిగొచ్చి, చేతి నుంచి తీసిన చర్మంలో సీసాలో మిగిలిన అంచును కోశాను. ఆ అంచులో ఒక అక్షరం కొస ఉంది. లోతున అవే నల్ల రేణువులు, మందుకు లొంగకుండా. గ్రంథిని మరిన్ని చోట్ల కోసి, చూపు ఆనిన ప్రతిచోటా వెతికాను. కేన్సర్ కణం ఒక్కటీ లేదు. చేతి మీది పుండు వల్ల బిళ్ల కట్టింది, సిరా వల్ల నల్లబడింది. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టినప్పుడు నేను పడ్డ సంతోషం నా ఉద్యోగంలో మళ్లీ అంతగా పడలేదు.

సర్జన్ వచ్చి పలకలన్నీ తానే చూసుకున్నారు. ఆ చేతిని ఎన్నిసార్లు పట్టుకున్నానో, అక్షరాలు చదివాను కూడా అన్నారు. దీవుల్లో అందరి చేతుల మీదా ఉండేదే కదా, ఎవరి కంటికీ ఆనలేదు. తర్వాత ఆయన చేసిన పని చెప్పుకోదగ్గది. తన పొరపాటు కూడా లెక్కలోకి రావాలని, పరిశోధనలో ఆ కేసు ఎదుట తన అనుమానాన్ని మెలనోమా అనే ఉంచారు, కొట్టివేయనివ్వలేదు. రోగికి కూడా తానే వెళ్లి చెప్పారు.

అప్పలనరసమ్మ రెండుసార్లు అడిగి నిర్ధారించుకుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకున్నాక కుట్లు చూసుకుని సర్జన్‌ను నిలదీసింది. "డాక్టర్ సాబ్, మేరా ఏక్ అక్షర్ కాట్ దియా ఆప్‌నే! అబ్ కౌన్ పఢేగా?" నా పేరులో ఒక అక్షరం కోసేశారే, ఇప్పుడెవరు చదువుతారు అని. అంత పెద్దమనిషీ చేతులు జోడించి మాఫీ అడిగారు. సింహాచలం మాత్రం ఓడ టికెట్లు వాపసు చెయ్యలేదు. ఎలాగూ తీశాం కదా అని ఇద్దరూ పలాసలో ఉన్న అతని అక్కగారింటికి వెళ్లి, వస్తూ మా ల్యాబ్‌కు జీడిపప్పు తెచ్చారు. సెల్వం ఎవరికీ ఎక్కువ మిగల్చలేదు.

ఆ కేసు నాకు నేర్పిన పాఠం వృత్తికి సంబంధించినది. నలుపు కనిపిస్తే అది ఏ నలుపో ముందు రుజువు చేసుకోవాలి. మనం వెతుకుతున్న జవాబు తనంతట తాను ఎదురొచ్చినప్పుడు, దాన్ని కాదనడానికి రెట్టింపు శ్రమపడాలి. ఆనాటి నుంచి ఆ ఆసుపత్రిలో ఉన్నంతకాలం, నల్లబడ్డ గ్రంథి ఏది వచ్చినా సంతకానికి ముందు వార్డుకు వెళ్లి ఆ మనిషి రెండు చేతులూ చూసి వచ్చేదాన్ని. చాలా చేతుల మీద పేర్లుండేవి. అన్నీ హిందీలోనే.