ముప్పై ఏడో నంబరుకు ఫుల్ అటెండెన్సు

2001. బందరులో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసు. నేను జూనియర్ అసిస్టెంటుని, వయసు ఇరవై నాలుగు. లెక్చరర్లు వేసిన హాజరు నెలనెలా కూడి, డెబ్భై ఐదు శాతం రానివాళ్ల పేర్లు నోటీసు బోర్డుకెక్కించడం నా పని. దాన్ని షార్టేజీ లిస్టు అంటారు. అందులో ఎప్పుడూ మొదటి పేరు రఫీదే. ఎన్నెస్సెస్ క్యాంపు, బాల్ బాడ్మింటన్, నాటకాలు... క్లాసుకు తప్ప కాలేజీలో అన్నిటికీ వచ్చేవాడు.

నవంబరులో నాగాయలంక నుంచి చేపలమ్ముకునే ఒకావిడ వచ్చింది. కొడుకు నాంచారయ్య బీకాం రెండో సంవత్సరం, ఇక్కడే బందరులో రూము తీసుకుని చదువుతున్నాడు.

"మూడు ఆదివారాల్నించీ ఇంటికి రాలేదు బాబూ. రూముకి తాళం ఏసుంది."

రిజిస్టరు తీశాను. ముప్పై ఏడో నంబరు. అన్నీ ప్రెజెంట్లే.

"నిన్న కూడా వచ్చాడమ్మా. మా ప్రిన్సిపాల్ గారికి కూడా ఇంత హాజరుండదు."

"మరి ఇంటికెందుకు రాడండీ?"

"ఈ వయసులో అమ్మ దగ్గరే షార్టేజీ పడుతుంది లెండి."

ఆవిడ నవ్వింది. ధైర్యంగా బస్సెక్కి వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి నవ్వలేదు. ఆవిణ్ని వెంటబెట్టుకుని క్లాసుకెళ్లాను.

"నాంచారయ్య ఎవరు?"

ఎవరూ పలకలేదు.

"థర్టీ సెవెన్!"

"ప్రెజెంట్ సార్!" అంది వెనక బెంచీ, అలవాటు కొద్దీ.

దీన్ని ప్రాక్సీ అంటారు. ఏ నంబరుకు జవాబు రాకపోయినా వెనకనుంచి ఎవరో ఒకరు పలికేస్తారు. అది ఎవరి నంబరో వాళ్లకు తెలియదు, తెలియనక్కర్లేదు. లెక్చరరు తలెత్తడు. నేనూ ఎత్తలేదు.

"ముఖం కూడా గుర్తులేదన్నా," అన్నాడు అదే క్లాసువాడైన రఫీ. క్లాసు ఫొటోలో రెండో వరస చివర ఉన్న కుర్రాణ్ని తల్లే వేలుపెట్టి చూపించింది. రఫీ ఆ ముఖానికి జిరాక్సులు తీయించి, ఎన్నెస్సెస్ బ్యాచిని సైకిళ్లెక్కించాడు. రెండో రోజు బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల దగ్గర ఒక మేస్త్రీ గుర్తుపట్టాడు.

"ఇక్కడే పనిచేశాడండీ. ఐదు రోజులైంది, ఎటో ఎల్లిపోయాడు."

ఆవిడ మొదటిసారి వచ్చి అప్పటికి పది రోజులు. పదిలోంచి ఐదు తీసేయడం నాకొచ్చు. లెక్కలు చేసే ఉద్యోగమే కదా. నేను జోకేసిన రోజున ఆ పిల్లాడు చెరువు గట్టు మీదే ఉన్నాడు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు.

ఆ నెల లిస్టులోనూ మొదటి పేరు రఫీదే. వాడు రెండు రోజులు కనబడకపోతే క్యాంటీను వాడితో సహా అందరూ అడుగుతారు. అందుకే ఇప్పుడు షార్టేజీ లిస్టు బోర్డుకంటించి, ఫుల్ అటెండెన్సు లిస్టు జేబులో పెట్టుకుంటాను. క్లాసు క్లాసుకీ వెళ్లి, అందులోని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, ముఖం చూసి వస్తాను.