గుర్తు లేని జెండా

మొన్న సీతమ్మధారలో పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నాను. అరవై దాటాక మనిషికి మిగిలే షికార్లు ఇవే. గోడ మీది టీవీలో ఇరాన్ నగరమేదో పొగలో కనిపించింది. ఆ వెంటనే ఏదో పరాయి దేశపు వీధిలో ఇరానీలు జెండాలు పట్టుకుని అరుస్తున్నారు. రంగులు అవే, కానీ కొందరి జెండా మధ్యలో ఒక గుర్తు, కొందరి జెండా మధ్యలో సింహం. పక్కనున్న కుర్రాడు "ఒకే దేశానికి రెండు జెండాలేటండీ?" అని నన్నే అడిగాడు. దవడ వాచి ఉండడంతో జవాబు తప్పించుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక ఓడ భోజనాల గదిలో ఆ విషయం మీదే ఇద్దరు కొట్టుకోబోతుంటే మధ్యలో నిలబడ్డవాణ్ణి నేను.

అప్పట్లో ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో పని చేసేవాణ్ణి. ఓడ రేవుకి రాగానే కాగితాల సంచీతో నిచ్చెనెక్కి, కెప్టెన్ సంతకాలు తీసుకురావడం నా ఉద్యోగం. జాలరిపేటలో పుట్టినవాణ్ణి కాబట్టి నిచ్చెన ఊగినా బెదిరేవాణ్ణి కాదు, కాగితాలకే భయపడేవాణ్ణి. ఉక్కు ఫ్యాక్టరీకి సున్నపురాయి తెచ్చే ఓడ ఒకటి ఏటా రెండు మూడుసార్లు వచ్చేది. దాని వెనక రాసి ఉన్నది ఎక్కడో చిన్న ద్వీపదేశం పేరు, ఎగిరేది ఆ దేశపు జెండా. లోపల మాత్రం కెప్టెన్ నుంచి వంటాయన దాకా అందరూ ఇరానీలే. పడమటి దేశాల ఆంక్షలకి జడిసి, ఓడ యజమానులు ఇరాన్ అన్న మాట కనిపించే ప్రతిదీ తీయించేశారు, గోడ మీది క్యాలెండరుతో సహా. వంటాయన ఒక్కడు దాస్తే దాగే మనిషి కాదు. వెళ్లగానే చిన్న గాజు గ్లాసులో పాలు లేని టీ తెచ్చేవాడు. మొదటిసారి నేను చక్కెర గడ్డ అందులో పడేసి తిప్పబోతే, ఘోరం చూసినట్టు చేయి పట్టుకుని ఆపాడు. గడ్డని పళ్ల మధ్య పెట్టుకుని దాని మీదుగా తాగాలట. ఇవాళ నా పళ్లకి పట్టిన గతిలో ఆయన వాటా కొంత ఉంది.

ఒక రాకలో ఆ టీ రాలేదు. రేవుకి చేరడానికి ముందురోజే ఆయన గుండె ఆగిపోయిందట. కెప్టెన్ నన్ను భోజనాల గదిలో కూర్చోబెట్టి, "ఇతన్ని భార్య దగ్గరికి పంపాలి. పరాయి జెండా ఓడలో పోయిన అనామకుడిలా కాదు, మా జెండా కప్పి పంపాలి. మా దగ్గర అది లేదు, కుట్టించగలవా?" అన్నాడు. సరేనన్నాను. అక్కడే గొడవ మొదలైంది. ఇప్పుడున్న గుర్తే ఉండాలన్నాడు నడివయసు ఇంజనీరు, వాళ్ల అన్న ఆ జెండా కోసమే యుద్ధంలో పోయాడు. రాజుల కాలపు సింహమే ఉండాలన్నాడు ఒక యువ అధికారి, తలగుడ్డ తీసినందుకు వాళ్ల చెల్లెలు జైల్లో ఉంది. ఇదంతా తర్వాత కెప్టెన్ చెబితే తెలిసింది, అప్పుడు మాత్రం భాష తెలియక గొంతులే అర్థమయ్యాయి. కెప్టెన్ బల్ల మీద గట్టిగా చరిచి ఇద్దర్నీ ఆపి, నా వైపు తిరిగాడు.

"మా తాత కాలంలో పడమటివాళ్లు చమురు కోసం వచ్చారు. మా నాన్న కాలంలో మాకో రాజుని నిలబెట్టారు. నా కాలంలో మా పేరు చూసి తలుపులు వేసేస్తున్నారు. గుర్తు సంగతి మేం ఇంట్లో తేల్చుకుంటాం. నువ్వు రంగులు కుట్టించు, చాలు."

మా అక్క మొగుడు జాలరిపేటలో టార్పాలిన్లు, ఓడల జెండాలు కుడతాడు. పని చెప్పగానే, "ఏటి బావా, మద్దిలో బొమ్మ నేదేటి? సూసినోడు నాను మర్సిపోనాననుకుంటాడు" అని నసిగాడు. చివరికి చక్కగానే కుట్టాడు. తీసుకెళ్లి విప్పితే ఎరుపు పైన ఉంది, ఆకుపచ్చ కింద. వాళ్లది పైన ఆకుపచ్చ. ఏళ్ల తరబడి ప్రతి ఓడకీ మన జెండా కుట్టిన చేయి, ఆకుపచ్చని దాని చోటులోనే పెట్టేసింది. నా ప్రాణం చివుక్కుమంది. కెప్టెన్ ఒక్క క్షణం చూసి, దాన్ని తలకిందులు చేసి పట్టుకున్నాడు. మధ్యలో బొమ్మ లేదు కదా, సరిపోయింది. కళ్లలో నీళ్లతోనే నవ్వాడు. అలిగిన ఇద్దరూ వచ్చి చెరో కొసా పట్టుకుని మడత పెట్టారు.

రాయి దించడం అయిపోయింది. ఓడ ఆగదు. కెప్టెన్ ఆ మడత నా చేతిలో పెట్టి, "నువ్వే కప్పు" అని వెళ్లిపోయాడు. వంటాయన ఆసుపత్రి శవాగారంలో ఉండిపోయాడు. మిగతా దేశాల నావికులైతే నాలుగైదు రోజుల్లో వెళ్లిపోయేవారు. ఈయన కాగితం మీద ఇరాన్ అన్న మాట చూడగానే అందరి చేతులూ ఆగిపోయేవి. బీమా వాళ్లు పడమటి దేశంలో ఎక్కడో ఉన్న తమ పెద్దల్ని అడగాలన్నారు. సరుకు విమానం వాళ్లు బ్యాంకు ఒప్పుకోదన్నారు. ఎవరూ కుదరదని అనలేదు, అంటే తిట్టుకునైనా ఊరుకుందును. "చూస్తున్నాం" అన్నారు. వారాలు గడిచాయి. చచ్చిపోయిన వంటవాడి వల్ల ఏ సామ్రాజ్యానికి ముప్పో నాకు ఇప్పటికీ తెలియదు. నా ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం అనుమతి వచ్చింది. శవాగారానికి బావా అక్కా కూడా వస్తామన్నారు. శవపెట్టె మీద జెండా కప్పాం, ఈసారి ఆకుపచ్చ పైకి ఉండేలా. అక్క దాని అంచు సవరిస్తూ, "సముద్రం మీద పోయినోడు ఒంటితో ఇంటికెల్తన్నాడు తమ్ముడా. మన నాన్నకి ఆ పాటి భాగ్యం కూడా నేదు" అంది. బావ తల తిప్పుకున్నాడు. మా నాన్న పడవ తిరిగి రాని సంగతి మేం ఇంట్లో ఎన్నడూ మాట్లాడుకోం.

సాయంత్రం కెప్టెన్‌కి ఫోన్ చేశాను. ఏ సముద్రంలో ఉన్నాడో, గాలి హోరు వినిపిస్తోంది. వంటాయన బయల్దేరాడని చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నవాడిలా మెల్లగా, "ఎల్లుండికి చేరతాడు. అది నలభయ్యో రోజు" అన్నాడు. వాళ్లలో మనిషి పోయిన నలభయ్యో రోజున బంధువులంతా ఇంటికొచ్చి, భార్య చేత నల్లబట్టలు విడిపిస్తారట. నలభై రోజుల్లో దుఃఖాన్ని కాస్త పక్కన పెట్టడం నేర్చుకోవాలని వాళ్ల పెద్దలు ఆ గడువు పెట్టారట. ఆ ఇల్లాలికి ఆ రోజున మొగుడి శవం గుమ్మంలోకి వచ్చింది. ఆమెకి దక్కాల్సిన ఆ నలభై రోజులూ మేం తినేశాం.