ఇస్నాపూర్ నుంచి మంజీర దాకా ఒక పట్టు తాడు

ఆదివారం పొద్దున్న ఏడింటికి ఇస్నాపూర్ రోడ్డు మీద సంగారెడ్డి బస్సు కోసం నిలబడ్డాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. చేతిలో గుడ్డ సంచి, అందులో ముప్పై గజాల పట్టు తాడు. మీరెప్పుడైనా అటు వెళితే పనికొస్తుందని దారంతా చెబుతాను గానీ, పిల్లలూ, ముందు ఆ తాడు సంగతి వినండి.

మీ తాతయ్యకి పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి అప్పటికి ఐదు నెలలైంది. ఆరో నెల నిండాక పర్మనెంటు చేస్తారా, ఇంటికి పొమ్మంటారా అన్నది వాళ్ళ ఆఫీసరు గారి చేతిలో ఉంది. ఆయనకి చేపల వేట పిచ్చి. వానపాము గుచ్చి ఒడ్డున కూర్చునే వేట కాదు. ఈకలు కట్టిన చిన్న కొక్కేన్ని పట్టు తాడుతో గాల్లో ఊపి, నీళ్ళ మీద ఈగ వాలినట్టు వాల్చాలట. ఆ తాడు వాళ్ళ నాన్నగారిది. అప్పటికే ప్లాస్టిక్ తాళ్ళు వచ్చేశాయి, అలాంటిది మళ్ళీ దొరకదు. అది పాతబడి బెల్లంపాకంలా చేతికి అంటుకుంటోందని ఆయన దిగులు పడుతుంటే మీ తాతయ్య గొప్పకి పోయి, "మా ఆవిడది పట్టు నేసేవాళ్ళ ఇల్లండీ, బాగుచేసి పెడుతుంది" అనేశారు. ఇంటికొచ్చి తాడు నా చేతిలో పెట్టి, అప్పుడు చెప్పారు సంగతి.

నేను అలాంటి తాడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అయినా పట్టు పట్టే కదా. గోరువెచ్చని నీళ్ళలో కాస్త వంటసోడా కలిపి నానబెట్టాను. మెత్తటి గుడ్డతో పాత నూనె జిగురంతా లాగేశాను. నాలుగు నీళ్ళు మార్చి జాడించి నీడన ఆరేశాను. ఎండలో వేస్తే పట్టు పెళుసెక్కుతుంది. ఆ పైన వడ్రంగులు వాడే కాచిన అవిసె నూనె, వేళ్ళతో పలచగా. ఒక పూత పూస్తే వారం ఆరాలి. అలా ఐదు పూతలు. ఆ ఐదు వారాలూ ఒంటిగదిలో పొయ్యి వెలిగించాలంటే భయం, ఎలుక కొరుకుతుందేమోనని భయం, కిటికీలోంచి దుమ్ము వస్తే భయం. చివరికి తాడు తేనె రంగులో మెరిసింది.

ఆఫీసరు గారు ఆ శనివారమే సంగారెడ్డి బంగళాకి వెళ్ళి, ఆదివారం మంజీర నది ఒడ్డుకి తాడు పంపమన్నారు. మీ తాతయ్యకి ఆ రోజు షిఫ్టు. "నువ్వే పట్టుకెళ్ళాలి" అన్నారు, నా మొహం చూడకుండా.

నా తప్పు ఇక్కడే జరిగింది. తెల్లవారి లేచి చూస్తే తాడు కాస్త మసకగా కనిపించింది. కంగారుపడి గుడ్డలు నూనెలో తడిపి మరొకసారి తుడిచాను. మా నేత ఇళ్ళలో నూనె పట్టిన గుడ్డ పారెయ్యరు, మడిచి దాచుకుంటారు. తాడుని నూలు చుట్టే చిన్న చెక్క చట్రానికి చుట్టి, అది సంచిలో రాసుకోకుండా ఆ నూనె గుడ్డలనే అడుగున మెత్తగా ఉండేలా గట్టిగా కుక్కాను.

బస్సు ఏడుంబావుకి వచ్చింది. టికెట్టు ముప్పావలా. ఆడవాళ్ళ సీటు ముందు వైపు, ఇంజను పెట్టె పక్కన. మార్చి నెల, అప్పటికే ఆ రేకు చెయ్యి పెట్టనివ్వడం లేదు. నా పక్కన నా ఈడుదే ఒకావిడ, తల మీద గంప దించుకుని, మా మధ్య ఉన్న సంచికి ఆనుకుని కూర్చుంది. పేరు నర్సమ్మ. మంజీర ఇసకలో పుచ్చకాయలు కోసే కూలికి పోతోంది.

"ఏడికి పోతున్నవక్కా?"

"మంజీర దగ్గరికండీ."

"అండీ అంటున్నవ్, నువ్వు ఆంధ్రోళ్ళ బిడ్డవా? జెర జరుగు, నా గంప నీ మీద పడ్తది." నవ్వింది.

రుద్రారం దాటేదాకా ఏమీ లేదు. తర్వాత ముక్కుకి ఒక వాసన తగిలింది, మాడిన గింజల వాసన. ఇంజనుదేమో అనుకున్నాను. నర్సమ్మ ఉలిక్కిపడి తొడ రుద్దుకుంది.

"ఓ అక్కా! నీ సంచి ఏంది గిట్ల కాలుతుంది? లోపల పొయ్యి గిట్ల పెట్టినవా?"

సంచి అడుగున చెయ్యి పెట్టాను. అట్ల పెనం మీద పెట్టినట్టయింది. మూతి విప్పగానే పొగ మొహాన కొట్టింది. నిప్పు ఎవరూ వెయ్యలేదు, అగ్గిపుల్ల లేదు. నూనె గుడ్డలు గాలాడకుండా కుక్కితే వాటంతట అవే వేడెక్కి రాజుకుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి నాన్నా: అవిసె నూనె గుడ్డని నీళ్ళలో ముంచండి, లేదా విప్పి తీగ మీద ఆరేయండి. మడిచి దాచకండి.

"ఎవలదిర ఈ పొగ? ఆపు, ఆపు!" కండక్టరు అరిచాడు. బస్సు ఆగకముందే నర్సమ్మ వట్టి చేత్తో గుడ్డలు లాగి కిటికీలోంచి రోడ్డు మీదకి విసిరేసింది. గాలి తగలగానే అవి భగ్గున మండాయి. వెనక నుంచి ఎవరో, "బాంబులు తెస్తున్నరా ఏందమ్మా?" అంటే నలుగురు నవ్వారు.

చట్రం తీసి చూశాను. పై చుట్లు, అంటే ఒక కొన వైపు రెండు బారల మేర, తేనె రంగు పోయి నల్లటి కాఫీ రంగయింది. మిగతాది బాగానే ఉంది.

సంగారెడ్డి చౌరస్తాలో ఎనిమిదిన్నరకి దిగాం. నర్సమ్మ చెయ్యి బొబ్బలెక్కింది. హోటల్లో చల్లటి నీళ్ళడిగి పోశాను. ఇడ్లీ తినమంటే, "నీ మొకం సూస్తే నాకే ఆకలి పోయింది" అంటూనే నాలుగు తినేసింది. నాకు ఒకటి కూడా దిగలేదు. అక్కడి నుంచి జట్కాలో ఇద్దరం కలిసి పోయాం, ముప్పావు గంట ప్రయాణం.

"కాలిందని సెప్తవా సార్‌కు?" అని దారిలో అడిగింది.

"చెబితే మా ఆయన ఉద్యోగం పోతుంది."

"సెప్పకుంటే?"

నేను సంచిలో చెయ్యి పెట్టి తాడు చుట్లు తడుముకున్నాను. ఆ తాడు రెండు కొనలూ సన్నం, నడుమ లావు. ఏ కొననైనా ముందుకి పెట్టుకోవచ్చు. చట్రం మీది పై కొనే ముందుగా గాలపు కర్రకుండే చక్రానికి చుట్టుకుంటుంది, అన్నిటికంటే లోపలికి పోతుంది. నేను ఏ మోసమూ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు.

పదింటికి ఒడ్డు చేరాం. నీళ్ళు తక్కువ, ఇసక మీద పుచ్చ తీగలు. "అంచుకు పోకు, మొసళ్ళుంటయ్" అని చెప్పి నర్సమ్మ తోటలోకి పోయింది. ఆఫీసరు గారు తాడు చూసి పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులా అందుకున్నారు. "మా నాన్న చేతిలో ఇట్లనే ఉండేదమ్మా" అన్నారు. ముడి నేనే వేస్తానన్నాను. పోగు తెగితే మేం వేసే ముడితో, నల్లబడ్డ కొనని చక్రం ఇరుసుకి కట్టాను. ఆయన చుట్టుకున్నారు. కాలిన చోటు కనబడకుండా పోయింది.

పదకొండు దాకా ఆయన తాడుని గాల్లో విసురుతుంటే వెనక ఇసకలో కూర్చున్నాను. నీళ్ళ మీద అది మునగకుండా తేలింది. ఒక్కసారిగా వెదురు కర్ర వంగింది.

"పెద్దదమ్మా! పెద్దది!" అని అరిచారు.

చక్రం గిర్రున తిరిగింది. చేప నది నడుమకి లాగుతోంది. ఆయన ఆపడం లేదు, పోనిస్తున్నారు, నవ్వుతున్నారు. చక్రం మీద తాడు లావు తగ్గుతోంది. నా కళ్ళకి చేప లేదు, నది లేదు. ఇంకో పది చుట్లు. తెగితే వాళ్ళ నాన్నగారి తాడంతా నీళ్ళలోకి పోతుంది. తోటలోంచి నర్సమ్మ లేచి నిలబడి నా వైపే చూస్తోంది. ఇంకో ఐదు.

"సార్, ఇంక తాడు వదలకండి! లోపలి కొన కాలిపోయింది!"

ఆయన వెనక్కి తిరగలేదు. అరచేత్తో చక్రాన్ని నొక్కి పట్టేశారు. కర్ర విల్లులా వంగి, ఠప్‌మని లేచింది. కొక్కెం దగ్గరి సన్నటి దారం తెగింది. చేప పోయింది. తాడు తేలుతూ మిగిలింది.

ఆయన తాడంతా ఒడ్డుకి లాగి, నల్లటి కొన రెండు వేళ్ళతో పట్టి తుంచారు. కాలిన వత్తిలా తెగింది.

"ఎట్ల కాలిందమ్మా?"

"బస్సులోనండి. నూనె గుడ్డలు."

"పొద్దున్నే చెప్తే రెండు బారలు కోసి కట్టుకునేవాణ్ణి కదమ్మా. గంత పెద్ద చేప."

నర్సమ్మ నా పక్కకి వచ్చి బొబ్బల చెయ్యి చూపించింది. "ఆమె తప్పేం లేదు సార్. సూడు, నా చెయ్యి గిట్లయింది. ఆమె పరేషాన్‌ల ముద్ద ముట్టలే." ఆయన ఆ చేతిని చూసి కత్తి తీశారు. కాలినదంతా కోసి నా చేతిలో పెట్టి, కొత్త కొన చాపారు. "ఆ ముడి మళ్ళా వెయ్యి. ఈసారి నాకు చూపించుకుంట వెయ్యి."

ఉద్యోగం ఊసు ఎత్తలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. నేను వచ్చేస్తుంటే మాత్రం, కర్ర తుడుచుకుంటూ అన్నారు: "వానలు పోయినంక మళ్ళా ఒక పూత కావాలె దీనికి. మీ ఆయనతోనే పంపిస్తా."

మూడింటికి చౌరస్తాలో తిరుగు బస్సెక్కాను. ఒళ్ళో ఖాళీ సంచి, అందులో నర్సమ్మ ఇచ్చిన పుచ్చకాయ. మళ్ళీ ఆ ఇంజను పక్క సీటే దొరికింది. కండక్టరు కూడా పొద్దుటి మనిషే. "ఈసారి ఏం తెస్తున్నవమ్మా?" అని సంచిలోకి తొంగిచూశాడు. నేను మాత్రం ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంటున్నాను: వానలు పోయాక, మీ ఆయనతోనే. అంటే అప్పటికి ఉద్యోగంలో ఉంటారనేగా?

ఇస్నాపూర్ స్టాపులో మీ తాతయ్య షిఫ్టు బట్టలతోనే నిలబడి ఉన్నారు. "ఏమన్నారు?" అని అడిగారు. నేను ఆ మాట చెప్పాను. ఆయన రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, ఆ మాట మళ్ళీ చెప్పమన్నారు.

నదులూ ఊళ్ళూ తర్వాత చాలా చూశాను. ఇప్పటికీ ఎక్కడికి బస్సెక్కినా, ఒళ్ళో సంచి అడుగుకి అరచెయ్యి ఆనించి, చల్లగా ఉందని తెలిశాకే కిటికీ వైపు తిరుగుతాను.